మధ్యలో రంగు

ఈ ఉదయం గ్లాసులోకి డికాక్షన్ వంచుకుంటుంటే సుభద్ర మేడం గుర్తొచ్చారు. నెల్లూరులోని మా ల్యాబ్‌లో ఒక పరీక్ష చేస్తే గాజుపలక మీద తేలే రంగు అచ్చం అలాగే ఉంటుంది, చిక్కటి కాఫీ రంగు. అది ఎక్కడ తేలితే భయపడాలో, ఎక్కడ తేలితే ఊరుకోవాలో నాకు నేర్పింది ఆవిడే. తోటపల్లి గూడూరు రైతు కుటుంబంలో పుట్టిన డాక్టరు. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను మైక్రోస్కోపులో చూసి జబ్బు పేరు చెప్పడం మా పని.

మా మైక్రోస్కోపులో ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే పలకను చూడొచ్చు. కనిపించింది నేను పైకి చెప్పాలి, ఆవిడ వినాలి. అదీ పద్ధతి. "అనిపిస్తోంది మేడం" అన్నానంటే నా పని అయిపోయినట్టే. "నీకేమనిపిస్తా ఉందో ఎవురడిగినారు? ఏం కనపడతా ఉందో చెప్పు" అనేవారు. పులికాట్ ఒడ్డున చేపలు పట్టే ఇంట్లో పుట్టి డాక్టరైనదాన్ని, నాకు రోషం ఎక్కువ. అలిగి కూర్చునేదాన్ని. మధ్యాహ్నం తన క్యారియర్‌లోని చేపల పులుసు నాకు వడ్డించి, మీ అమ్మ చేసేదాని ముందు ఇదేం పులుసులే అని తనే వంక పెట్టేవారు. ఇంకెన్నాళ్ళు అలుగుతాం?

ఒకసారి ముత్తుకూరు దగ్గర రొయ్యల గుంటల్లో పనిచేసే ఒకాయన మెడలో బిళ్ళ కట్టిందని వచ్చాడు. జబ్బులతో పోరాడే కణాలు, అందరి ఒంట్లోనూ ఉండే ఆ బిళ్ళల్లో, గుండ్రటి గుంపుల నడిమధ్యలో తయారవుతాయి. వాటిలో పనికిరానివే ఎక్కువ, అవి తమంతట తామే చచ్చిపోవాలి. అందుకే అక్కడ, చావును అడ్డుకునే బీసీఎల్-2 అనే ప్రోటీన్ ఉండకూడదు. అది ఉన్నచోట మా పరీక్షలో కాఫీ రంగు తేలుతుంది. చుట్టూ తేలితే ఫరవాలేదు. మధ్యలో నిండా తేలిందంటే కాన్సరే. ఆయనకు మధ్యలోనే తేలింది. మా అన్నకు మాత్రం చెప్పొద్దండీ అని తమ్ముడు బతిమాలాడు. మేడం ఆయన్నే లోపలికి పిలిచారు.

"కప్పపిల్ల తోక ఎట్లా పోతాదో చూసినావా? ఎవురూ కొయ్యరు. దాంట్లో కణాలు టైముకి అవే చస్తాయి. నీ బిళ్ళలోవి చావకుండా మొండికేసినాయి. కాన్సరే. నిదానంగా నడిచే రకం, వైద్యం ఉంది."

ఆయన, గుంట కాడికి పోవచ్చా అని అడిగాడు. పొమ్మన్నారు. విపరీతంగా పెరగడమే కాదు, పోవాల్సినవి పోకపోవడం కూడా కాన్సరేనని నేను పుస్తకాల్లో చదివిందే. ఒంటబట్టింది మాత్రం ఆ రోజే.

కొన్నాళ్ళకు మేడం తన మెడలో బిళ్ళ తీయించుకుని, ఆ పలక తెచ్చి నా ముందు పెట్టారు. చెన్నైకి పంపిద్దాం మేడం అన్నాను. పంపిద్దాంలే, ముందు నువ్వు చదువు అన్నారు. ఎదురుగా కూర్చుని తనూ కళ్ళు ఆనించారు. నాకు కనిపిస్తున్నదే ఆవిడకూ కనిపిస్తోంది. అయినా నా నోటితోనే చెప్పించాలని పట్టు. ఈ శిక్ష నాకెందుకని కోపం వచ్చింది.

"మధ్యలో ఏముందమ్మా?"

"రంగుంది మేడం."

"ఎంత?"

"నిండా."

ఆవిడ తలెత్తి నా వంక చూశారు. "సరిగ్గా చదివినావు. సంతకం పెట్టు."

ఆ తర్వాత కొన్నేళ్ళు బతికారు. మందు అవసరం పడనన్నాళ్ళూ రోజూ ల్యాబ్‌కి వచ్చారు, నన్ను తిట్టారు. తర్వాత జబ్బు ముదిరింది. మందులు కూడా కణానికి చెప్పేది చావమనే. ఆ ప్రోటీన్ అండతో కొన్ని వినలేదు. ఆవిడ పోయిన రోజు చిన్నపిల్లలా ఏడ్చాను.

ఇవాళ కాఫీ తాగి వెళ్ళేసరికి సూళ్లూరుపేట అమ్మాయి పలక సిద్ధంగా ఉంది. ఆమెదీ మెడలో బిళ్ళే. ఎదుటి కుర్చీ ఖాళీ. నేను కళ్ళు ఆనించాను. కాఫీ రంగు చుట్టూ ఉంది, నడిమధ్య అంతా లేత నీలం.

"మధ్యలో రంగు లేదు మేడం" అని పైకే చెప్పాను. సంతకం పెట్టి, బయట బెంచీ మీద కూర్చున్న ఆ అమ్మాయిని లోపలికి పిలిచాను.