రేకుల కప్పు కింద ఊపు

గోల్ఫ్ మైదానంలో ఆమెను అందరూ ఇస్త్రీ అక్క అనేవారు. వయసులో ఆమెకన్నా పెద్దవాళ్లు కూడా అక్కే అనేవారు, మర్యాదగా అడగనివాడి కాలరు మీద ఆవిడ ఇస్త్రీ పెట్టె సరిగా నడిచేది కాదు మరి. ఏటా ఒకసారి పక్క మైదానం పనివాళ్లకీ ఈ మైదానం పనివాళ్లకీ పోటీ పెడతారు. జట్టుకి నలుగురు. తోటమాలి, డ్రైవరు, కాపలాదారు, వంటాయన. ఎన్నేళ్లయినా ఆ నలుగురే. వాళ్ల జట్టు చొక్కాలు తొమ్మిదేళ్లుగా ఇస్త్రీ చేసి చేసి ఆవిడకి ఒళ్లు మండిపోయింది. ఆ నాలుగు చొక్కాల్లో ఒకటి తనదై ఉండాలనుకుంది. అనుకుని ఊరుకునే మనిషి కాదు.

పిడి అరిగిపోయి ఎవరో పారేసిన స్టిక్ ఒకటి స్టోరువాళ్లని అడిగి ఇంటికి తెచ్చుకుంది. బట్టల జేబుల్లో దొరికిన బంతుల్లో, ఎన్నిసార్లు అడిగినా ఎవరూ నాది అనని పాత బంతి ఒకటి ఉంది. అదీ తెచ్చుకుంది.

ఇల్లంతా కలిపి ఒక్క గది. పైన రేకులు, అవీ తలకి రెండు జానల ఎత్తులో. మైదానంలో పెద్దమనుషులు కొట్టినట్టు చేతులెత్తి ఊపబోతే స్టిక్ వెళ్లి రేకుకి తగిలేది. మొదటి వారంలోనే ఏడు సొట్టలు పడ్డాయి. మంచం మీద కూర్చుని అత్తగారు అన్నీ చూస్తూనే ఉంది.

"ఇంకో రెండు పడ్డాయంటే వానంతా మన కంచాల్లోకే. ఆ చేతులు కాస్త దించు," అంది.

"భుజాలు దాటి లేపకపోతే అది ఆటే కాదంటారు అత్తయ్యా."

"అంటే అననీ. వాళ్లేమైనా వచ్చి రేకులు వేయిస్తారా?"

ఆ రోజు నుంచీ చేతులు భుజాల దగ్గరే ఆగాయి. గోడకి పాత పరుపు వేలాడదీసి బంతిని దాని మీదకి కొట్టేది. పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టి నూరు దెబ్బలు. మోచేతులు ఒంటికి దూరంగా పోకుండా రెండు చంకల్లోనూ చెరో తువ్వాలు ఇరికించుకునేది. తువ్వాలు జారితే లెక్క మళ్లీ ఒకటి నుంచి. ఈ నియమం పెట్టింది అత్తగారు. తొంభై ఎనిమిదో దెబ్బకి జారినా కనికరించేది కాదు.

"జారింది. ఒకటి," అనేది, ముఖంలో ఏ భావమూ లేకుండా.

కోడలు పళ్లు నూరుకుంటూ మళ్లీ మొదలుపెట్టేది. అలా నాలుగేళ్లు. నాలుగేళ్లంటే మాటలా? పండక్కి కొన్న జిమ్ము సామాను మూడోరోజే అటకెక్కించే మనుషులం మనం. మొండివాడు రాజుకన్నా బలవంతుడన్నారు గానీ మొండిదాని గురించి ఎవరూ ఏమీ అనలేదు. ధైర్యం చాలకే అయ్యుంటుంది. ఒక్కటే లోటు. కొట్టిన బంతి ఎంత దూరం పోతుందో ఆవిడ ఏనాడూ చూడలేదు. పరుపు దగ్గరే ఆగిపోయేది.

ఆ ఏడు డ్రైవరు పని మానేశాడు. జట్టులో ఒక చోటు ఖాళీ అయింది. మూడు బంతుల్లో రెండు మైదానం మధ్యనున్న చెరువు దాటించినవాళ్లకి ఆ చోటని జట్టు కోచ్ కాగితం అంటించాడు. ఇస్త్రీ అక్క వెళ్లి తన పేరు రాసింది. కోచ్ కొట్టేశాడు. దాని కిందే మళ్లీ రాసింది. మళ్లీ కొట్టేశాడు. మూడోసారి ఆయన ముందే నిలబడి రాసింది.

"ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందట," అన్నాడు కోచ్ పక్కవాళ్లతో. ఆమెవైపు తిరిగి, "సరేనమ్మా, ఆ మూడు బంతులూ కొట్టేసి నీ సరదా తీర్చుకో," అన్నాడు.

చెరువు ముందు నిలబడి తలెత్తి చూసింది. పైన ఏమీ లేదు. ఇక్కడ రేకులు లేవు కదా అనుకుంది, పొరపాటంతా అక్కడే జరిగింది. నాలుగేళ్లలో ఎన్నడూ లేపనంత ఎత్తుకి చేతులు లేపింది. స్టిక్ బంతి నెత్తిని గీరుకుంటూ పోయింది, బంతి దొర్లుకుంటూ వెళ్లి నీళ్లలో పడింది. వెనక అంతా నవ్వారు. ఆమెకి సిగ్గనిపించలేదు, తనమీద తనకే పట్టరాని కోపం వచ్చింది. ఎవరి ఊపో అరువు తెచ్చుకుంటే ఇంతే అవుతుందనుకుంది.

రెండో బంతికి చేతులు భుజాల దగ్గర ఆపింది. బంతి పెద్దగా పైకి లేవలేదు, తిన్నగా చెరువు మీదుగా పోయి అవతలి గడ్డిలో పడింది. తన బంతి దూరం వెళ్లడం చూడటం అదే మొదటిసారి.

"అదేం స్వింగమ్మా, గొడుగు కింద కర్రసాములాగా? ఈసారి చేతులు పూర్తిగా లేపి కొట్టు. లేకపోతే లెక్కలోకి తీసుకోను," అన్నాడు కోచ్.

నవ్వులు ఆగాయి. ఆయన చెప్పినట్టు కొడితే బంతి చెరువుపాలు, కొట్టకపోతే చోటు పోతుంది.

"కాగితం మీద బంతి చెరువు దాటాలనే రాశారు సార్. చేతులు ఎంత ఎత్తు లేవాలో రాయలేదు," అంది.

"ఇప్పుడు నేను చెప్తున్నాను కదా."

"చెప్తున్నారు. వింటున్నాను. నేను మాత్రం ఇలాగే కొడతాను. దాటిందో లేదో అందరూ చూస్తారు."

ఆయన నోరు తెరిచేలోపే కొట్టింది. బంతి రెండోదానికన్నా పది అడుగులు అవతల పడింది. ముందుగా తోటమాలి చప్పట్లు కొట్టాడు, తర్వాత వంటాయన. అంతమంది చూశాక కోచ్‌కి ఒప్పుకోక తప్పలేదు.

"సరే, జట్టులో ఉన్నావు. కానీ ఆ స్వింగ్ చూడలేకపోతున్నాను. రేపట్నుంచి పొద్దున్నే ఆరింటికి రా, నేను సరిచేస్తాను," అన్నాడు.

ఇస్త్రీ అక్క స్టిక్ కొనకి అంటిన మట్టి తుడుచుకుంది.

"ఆరింటికి కుదరదు సార్," అంది. "ఆ వేళకి ఇంట్లో నా ప్రాక్టీసు ఉంటుంది."