తెరవాల్నా, దాచాల్నా

మొన్న కామారెడ్డిలో ఒక కంప్యూటర్ దుకాణంలో కూర్చుంటే, వేడెక్కిన పాత మిషన్‌లోంచి కాలిన దుమ్ము వాసన వచ్చింది. వెంటనే షాహీన్ ఆపా గుర్తొచ్చింది. తొంభైల చివర్లో బస్టాండుకు దగ్గర్లో ఆమె ఇంటర్నెట్ సెంటర్ నడిపేది. అదే గదిలో ఓ మూల నా జిరాక్స్ మిషన్. నేను ఏడో తరగతిలోనే బడి మానేశాను. ఉండమని బడి కూడా నన్ను బతిమాలలేదు. చదువు ఆగిందిగానీ నోరు ఆగలేదు. నకలు తీస్తూ తీస్తూ ఎవరి పెండ్లి, ఎవరి పంచాయితీ అన్నీ చదివి జోకులేసేవాణ్ణి.

గల్ఫ్‌కు పోయినవాళ్ళు మెయిల్లో ఫోటోలు, గొంతు రికార్డులు పంపేవారు. వాటిని చూసుకోవడానికి రామారెడ్డి, ఎల్లారెడ్డి లాంటి ఊళ్ళ నుంచి మనుషులు బస్సెక్కి వచ్చేవారు. ఫైలు మీద నొక్కితే, తెరవాలా, దాచాలా అని బ్రౌజర్ అడుగుతుంది. ప్రతిసారీ అడగాలన్న గడిలో టిక్కు తీసేస్తే మాత్రం అడక్కుండా తెరిచేస్తుంది. ఆపా ఆ టిక్కు తీయనిచ్చేది కాదు. తెర మీది ప్రశ్నను తెలుగులో చదివి, జవాబు వచ్చేదాకా మౌస్ కదిపేది కాదు.

"తెరవాల్నా, దాచాల్నా?"

"తెరువు ఆపా, అందరం చూద్దం!" అనేవాణ్ణి నేను.

"నీ నోటికి గూడ గీ టిక్కు పెట్టాలె నర్సింలూ. అడగకుంటనే తెరుసుకుంటది."

ఒకరోజు రద్దీ ఎక్కువై, పని తొందరగా తెమలాలని ఆమే ఆ టిక్కు తీసేసింది. మళ్ళీ పెట్టడం మరిచిపోయింది. అప్పుడే ఎల్లారెడ్డి టైలర్ సాయన్న వచ్చాడు. తను పెంచిన తమ్ముడు మస్కట్‌లో ఉన్నాడు. ఆ తమ్ముడికిచ్చి పెండ్లి చేయాలని తన భార్య చెల్లెలిని మాట్లాడి పెట్టుకున్నాడు. ఆపా ఫైలు నొక్కగానే, గదినిండా జనం చూస్తుండగా ఫోటో తెరుచుకుంది. తమ్ముడు, పక్కన ఎవరో అమ్మాయి, ఇద్దరి మెడల్లో దండలు.

"పెండ్లి చేస్కున్నడా ఏంది?" అన్నారెవరో వెనకనుంచి.

నేను గబుక్కున లేచి, నా మిషన్ షాక్ కొట్టినట్టు నాటకమాడి గంతులేశాను. అందరూ నవ్వుతూ నావైపు తిరిగారు. ఆ నవ్వుల మధ్యనుంచే సాయన్న తల దించుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత ఆయన రాలేదు. తమ్ముడి మెయిళ్ళు మాత్రం వస్తూనే ఉన్నాయి, గొంతు రికార్డులతో. చదువురానివాళ్ళ పాస్‌వర్డులు ఆపా దగ్గరే ఉండేవి. ఆ ఫైళ్ళను వినకుండా కంప్యూటర్‌లో దాచి, నన్ను వెంటబెట్టుకుని ఎల్లారెడ్డి వెళ్ళింది.

"తప్పు నాది సాయన్నా. తమ్ముని మీద కోపం నా మీద తీస్కో. మళ్ల పంపిండు, గొంతు రికార్డు. నేను ఇనలే."

సాయన్న కుట్టుమిషన్ ఆపలేదు. "ఇనకు బిడ్డా. పానం ఒప్పినప్పుడు నేనే వస్త."

రాలేదు. నేను ఆగలేక అడిగాను: "జర హెడ్‌ఫోన్ చెవులకు పెట్టుకొని ఇను ఆపా. ఏమన్న ఆపతి ఉంటే?"

"నాకు పంపలే గద."

కొన్నాళ్ళకు సెంటర్ నడవక కంప్యూటర్ అమ్మేయాల్సి వచ్చింది. మళ్ళీ ఎల్లారెడ్డి పోయాం. సాయన్న దుకాణానికి తాళం. బతుకుదెరువుకు ఇంటిల్లిపాదీ మహారాష్ట్రలోని భివండి పోయారన్నారు. అక్కడ ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. ఆపా మళ్ళీ తెరవకపోవడంతో సాయన్న మెయిల్ పెట్టె కూడా వాడకం లేక అప్పటికే మూతపడింది; తమ్ముడి చిరునామా దాంతోనే పోయింది. కొన్నవాడు వింటాడని, ఆపా ఆ ఫైళ్ళు చెరిపేయడానికి కూర్చుంది. చాలాసేపు మౌస్ కదల్లేదు.

"నువ్వేమంటవ్ నర్సింలూ?"

అన్నేళ్ళలో ఆమె నన్ను సలహా అడగడం అదే మొదటిసారి. నేను పోయి నా జిరాక్స్ మిషన్ మూత దించాను. ఆమె చెరిపేసింది. ఆ వేలితోనే కళ్ళు తుడుచుకుంది.

ఆమె చేసింది సరైనదేనని ఇప్పటికీ వాదిస్తాను. కానీ ఆ తమ్ముడు క్షమించమన్నాడో, రమ్మన్నాడో, ఆ మాట అన్న చెవిన పడకుండానే పోయింది. నా దుకాణంలో ఇప్పుడు ఎవరి కాగితమైనా చదవకుండా నకలు తీసి, బోర్లించి ఇస్తాను.

"సరిగ పడ్డదా లేదా, సూడవా అన్నా?" అంటారు.

"మీరే సూస్కోండ్రి," అంటాను.