ఎదురుగా కూర్చున్నా ఆబ్సెంటే

పోయిన నెల హిందూపురంలో మా కూతురి కూతురు చదివే బడికి వెళ్ళాను. ఆ బడిలో పిల్లల మనసులో దిగులేమైనా ఉంటే కనుక్కుని మాట్లాడటానికని ఒక కౌన్సెలరమ్మను పెట్టారు. పాతికేళ్ళకు మించని పిల్ల. ఆ రోజు ఆమె అవ్వాతాతలనందరినీ పిలిపించి, పిల్లలు ముభావంగా ఉన్నప్పుడు ఇంట్లో ఎట్లా మసలుకోవాలో ఓపిగ్గా చెప్పి, చివర్లో "మీ చిన్నప్పుడు మిమ్మల్ని ఎవరైనా పక్కన కూర్చోబెట్టుకుని ఏమైందని అడిగినారా?" అంది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ పెనుకొండకు తిరిగి వచ్చే బస్సులో కూర్చున్నాక ఆ నవ్వు పోయి, యాభై ఏళ్ళు దాటిన కోపం ఒకటి మళ్ళీ లేచింది. నా ఈడు వాళ్ళకైతేనే ఇది అర్థమవుతుందని మీకు చెబుతున్నాను. ఇందులో నేను మంచిదాన్ని కానని కూడా ముందే చెప్పేస్తున్నాను.

మాది తాడిమర్రి దగ్గర పల్లె. నాకు ఎనిమిదేళ్ళప్పుడు అమ్మ పురిట్లో పోయింది. నాయన గొర్రెల మందను తోలుకుని నెలల తరబడి ఊళ్ళు తిరిగేవాడు కాబట్టి నన్ను తెచ్చి ధర్మవరంలో అమ్మను కన్న అవ్వ దగ్గర వదిలాడు. అవ్వ మగ్గాలవాళ్ళకు పట్టునూలు కండెలు చుట్టి ఇచ్చేది. పొద్దున రాట్నం ముందు కూర్చుంటే సాయంత్రం దాకా తల ఎత్తేది కాదు. ఆమే నన్ను దగ్గర్లోని బడిలో మూడో తరగతిలో చేర్పించింది. అప్పటికే నా నోరు మూతపడిపోయింది. అది మొండితనం కాదు, మాట గొంతు దాకా వచ్చి అక్కడే ఆగిపోయేది.

మూడో తరగతి సారు అప్పుడే ఉద్యోగంలో చేరిన యువకుడు. హాజరు పిలిచేటప్పుడు ప్రతి ఒక్కరూ లేచి "ప్రెజెంట్ సార్" అనాలని ఆయన నియమం. నేను లేచి నిలబడేదాన్ని, మాట వచ్చేది కాదు. మొదటి రోజు బెత్తంతో కొట్టాడు. ఆ కాలంలో దెబ్బలు తినని పిల్లలెవరు, దానికి నేను బాధపడలేదు. రెండో రోజు నుంచి కొట్టడం మానేసి, తరగతికంతా వినిపించేలా, "ఈ పాప రాలేదు. వాళ్ళమ్మ యాడికి పోయిందో ఈమె కూడా ఆడికే పోయింది" అంటూ రిజిస్టర్లో ఆబ్సెంట్ వేసేవాడు. పిల్లలు నవ్వేవాళ్ళు. అది రోజూ జరిగే తంతు అయిపోయింది.

ఏడాదంతా ఆయన ఎదురుగా కూర్చున్న నన్ను, హాజరు చాలలేదని మళ్ళీ మూడో తరగతిలోనే ఉంచేశారు. అవ్వ వచ్చి అడిగితే ఆయన రిజిస్టర్ తెరిచి చూపించాడు. చదువు రాని అవ్వ ఆ ఎర్ర గుర్తులు చూసి, నేను బడికని చెప్పి ఎక్కడెక్కడో తిరిగానని నమ్మి, ఇంటిదాకా దారి పొడుగునా నన్ను బాదుతూనే వచ్చింది. ఆ దెబ్బలు అవ్వ కొట్టినవని నేను ఏనాడూ అనుకోలేదు. అవి ఆయనవే.

నన్ను ఆ గోతిలోంచి లాగింది బడిలో మధ్యాహ్నం ఉప్మా వండే ఆయమ్మ. ఆమె నన్ను ఏమీ అడగలేదు. ఒకరోజు చేట ముందు పెట్టుకుని, "రా పాపా, ఈ రవ్వలో రాళ్ళు ఏరుదువు. నాకు కండ్లు సరిగా కనపడవు" అంది. రోజూ పిలిచేది, రోజూ పక్కన కూర్చుని ఏరేదాన్ని. ఎన్నాళ్ళకో ఒక మధ్యాహ్నం నా నోట్లోంచి "ఇంగో రాయి" అని మాట వచ్చింది. ఆయమ్మ ఆశ్చర్యపోలేదు, ఎవరినీ పిలవలేదు. "ఊ, ఆడ పెట్టు" అంది, అంతే. కౌన్సెలింగ్ అన్న మాట ఆమె జన్మలో విని ఉండదు.

తర్వాత చదువుకున్నాను, టీచరునయ్యాను. పిల్లలంటే ప్రేమతో అయ్యానని సభల్లో చెబుతూ వచ్చాను గానీ, సగం నిజం ఆ మూడో తరగతి సారే. ఎప్పటికైనా ఆయన ఎదురుపడాలని కోరుకుంటూనే పనిచేశాను. నలభై దాటాక పెనుకొండలో ఒక ప్రాథమిక పాఠశాలకు ప్రధానోపాధ్యాయురాలిగా వెళ్ళాను. మొదటి రోజు టీచర్ల హాజరు పట్టీ తెరిస్తే అందులో ఆయన పేరు ఉంది. ఇల్లూ పొలమూ ఆ దగ్గర్లోనే ఉండటంతో ప్రమోషన్లు వద్దనుకుని అక్కడే ఉండిపోయాడట. రిటైర్మెంటు ఇంకా ఏడాది ఉంది. దేవుడు నా మొర విన్నాడనుకున్నాను.

ఆయన నన్ను గుర్తుపట్టలేదు. నేను చెప్పలేదు. అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఎర్ర సిరాతో గుర్తు పెట్టేదాన్ని, అట్లాంటివి మూడు పడగానే ఒక సెలవు కోసేదాన్ని. మోకాళ్ళ నొప్పులని తెలిసీ మెట్లెక్కి పోవాల్సిన పై గది ఆయనకే ఇచ్చాను. ఏదైనా అడగడానికి వస్తే కుర్చీ చూపించకుండా, కాగితాల్లోంచి తల ఎత్తకుండా నిలబెట్టేదాన్ని. తోటి టీచరొకామె ఉండబట్టలేక, "పెద్దాయన మేడమ్, పాపం" అంది. నాకు పాపమనిపించలేదు. చెప్పాలంటే ఆ ఏడాది నాకు మంచి నిద్ర పట్టింది.

పదవీ విరమణ సభ రోజు ఆయన భార్య, కొడుకు, కోడలు, బంధువులు అందరూ వచ్చారు. దండ వేసుకుని కూర్చున్న ఆయన గురించి నాలుగు మాటలు చెప్పాలని నన్ను లేపారు. ఆ నాలుగు మాటల కోసం నేను ముప్పై ఏళ్ళకు పైగా ఎదురుచూశాను. అమ్మ పోయిన పిల్లను ఆయన ఏమన్నాడో, ఏడాదంతా ఏమని రాశాడో, అవ్వ నన్ను ఎట్లా కొట్టిందో, గొంతు వణకకుండా అందరి ముందూ చెప్పి, ఆ పిల్లను నేనేనన్నాను. ఆయన మెల్లగా లేచి, "నాకు గ్యాపకం లేదు మేడమ్. చేసే ఉంటాను" అని కూర్చున్నాడు. నేను ఇంటికి పోయి కడుపు నిండా అన్నం తిన్నాను.

ఆయన మనవరాలు మా బడిలోనే రెండో తరగతి చదివేది. రోజూ తాత స్కూటరు మీదే వచ్చేది. సభలో ముందు వరసలో కూర్చుని అంతా విన్నదన్న సంగతి నాకు తట్టనే లేదు. నాలుగు రోజుల తర్వాత ఆ తరగతి టీచరు వచ్చి, "పాపకేమైందో మేడమ్, పేరు పిలిస్తే లేస్తాది, నోరు తెరవదు" అంది.

"ప్రెజెంట్ వేయండి. రోజూ వేయండి" అన్నాను. అంతకు మించి ఏం చేయాలో నాకు తెలియలేదు. నేర్పినవాళ్ళెవరూ లేరు, తెలిసిందల్లా ఆయమ్మ చేసిందే. అన్నం బెల్లు కొట్టకముందే ఆ పాపను వంటగది దగ్గరికి పిలిచి, కందిపప్పు చేట మధ్యలో పెట్టుకుని ఇద్దరం ఏరేవాళ్ళం. పది పన్నెండు రోజులు ఒక్క మాట లేదు. ఆ తర్వాత ఒకరోజు తల ఎత్తకుండానే, "మా తాత ఇంట్లో ఎవురితోనూ మాట్లాడ్డంలే మేడమ్" అంది. ఇంకో గుప్పెడు పప్పు ముందుకు లాక్కుని, "మా తాత చెడ్డోడా?" అని అడిగింది.

"నాకు చెడ్డ చేసినాడు. నీకు చేయలేదు కదా పాపా."

ఆ పిల్ల ఒక రాయి ఏరి పక్కన పెట్టింది. "అయితే మీరు నాకు చెడ్డ చేసినారా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "అవును, చేసినా" అన్నాను. ఆమె తల ఊపి మళ్ళీ పప్పు ఏరుకుంది. ఆ నెలాఖరుకి తరగతిలో పలికింది.

ఆయన మరి కొన్నేళ్ళకు పోయాడని తెలిసింది. చూడటానికి వెళ్ళలేదు. వెళ్ళాలనీ అనిపించలేదు. ఆయన మీద నా కోపం పోలేదు, ఈ వయసులో ఇక పోతుందనీ అనుకోను. సిగ్గుపడేది ఆ పిల్ల విషయంలోనే.

మా మనవరాలికి బడిలో మనసు నొచ్చుకుంటే కౌన్సెలరమ్మ దగ్గర పది నిమిషాలు ఏడ్చి, ముక్కు తుడుచుకుని ఆటకు పోతుందట. ఇంటికొచ్చి అదేదో వేడుకలాగా నాకు ఫోనులో చెబుతుంది. వింటూ సంతోషపడతాను, కొంచెం అసూయ కూడా పడతాను. మేము మాత్రం ఎవరూ అడగక, ఎవరికీ చెప్పుకోలేక, చిన్నప్పటి దెబ్బను మాతో పాటే పెంచి పెద్దచేసుకున్నాం. నన్ను కూడా ఆ వయసులో ఎవరైనా అడిగి ఉంటే నేను ఎట్లాంటి మనిషినయ్యేదాన్నో తెలుసుకోవాలని ఉంటుంది. ఇక తెలిసే దారి లేదు.