నడుము మీద సింహం

మా కళ్యాణదుర్గంలో ఎండాకాలం ఒంటికి ఏమొచ్చినా వేడి చేసిందనే అంటాం. కళ్లు మండినా వేడే, కడుపు నొచ్చినా వేడే, అల్లుడు అలిగి పోయినా వేడే. అందుకని పోయిన మే నెలాఖరులో నలుగురిలో చెప్పుకోలేని చోట చురచుర మొదలైనప్పుడు నేను సబ్జా గింజలు నానబెట్టుకున్నాను. రెండో రోజుకు అక్కడ సన్నటి నీటిపొక్కులు గుంపుగా లేచాయి. మజ్జిగకు మారాను. మూడో రోజు ఒకటి రెండు పగిలి పుండయ్యాయి. మూత్రానికి పోతే మంట, గజ్జల్లో బిళ్లలు, పైన జ్వరం. మజ్జిగ మీద కూడా నమ్మకం పోయింది.

నాకు నలభై ఎనిమిదేళ్లు. దూది ఏకి పరుపులు కుట్టడం నా పని, మా నాయన పనీ అదే. భార్య పోయి నాలుగేళ్లయింది. మా అక్క నా వంట తినలేక బెళుగుప్పలో ఒక సంబంధం ఖాయం చేసింది. ఆమె కూడా భర్త పోయిన మనిషే, పిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. ఇంకో మూడు వారాల్లో నిఖా. మాట్లాడుకోవడానికి వెళ్లిన రోజే, పరుపుల్లో పాతదూది ఎంత కలుపుతావని మొహం మీద అడిగింది. అప్పుడే ఆమె నాకు నచ్చింది. ఈ పొక్కులేమిటో తేలకుండా ఆమెను చేసుకోలేను. తేలితే ఆమె చేసుకోకపోవచ్చు.

ఆసుపత్రికి పోవాలని తెలియక కాదు. ఈ ఊళ్లో సగం మంది నేను కుట్టిన పరుపుల మీద పడుకుంటారు. వరసలో నా ముందూ వెనకా వాళ్లే ఉంటారు. పొక్కులంటే సర్పి అయి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకుని, సర్పి రాసే ముసలాయన దగ్గరికి పోయాను. సర్పి పాములా నడుము చుట్టూ పాకుతుందని, తలా తోకా కలిస్తే మనిషి దక్కడని మావైపు భయం. అది పాకకుండా ముసలాయన ఎర్రమన్నుతో ఒంటి మీద సింహం బొమ్మ రాస్తాడు.

"యాడ లేచింది?" అన్నాడు.

"నడుముకు" అన్నాను.

చొక్కా ఎత్తి, కళ్లద్దాలు పెట్టుకుని, నడుమంతా వేలితో తడిమి చూశాడు. "ఈడ ఏమీ లేదే అప్పా."

"లోపల ఉండాది తాతా. రేపో ఎల్లుండో బయటికొస్తాది."

ఆయన నన్ను కాసేపు చూశాడు. ఎర్రమన్ను కలిపి సింహం రాశాడు. తోక వీపు మీద, తల మాత్రం కిందికి, నా పంచె లోపలికి చూస్తున్నట్టు. మన్ను చిప్ప పక్కన పెట్టి చెయ్యి కడుక్కున్నాడు.

"ఇంగ కిందికి నేను రాయను. అది నా పని గాదు. పెద్దాసుపత్రికి పో. ఎండిపోకముందే పో."

అంతకంటే మర్యాదగా నా అబద్ధాన్ని ఎవరూ పట్టుకోలేదు.

మరుసటి రోజు పెద్దాసుపత్రిలో చీటీలు రాసే కిటికీలో కూర్చున్నామె "ఏం బాధ?" అని గట్టిగా అడిగింది. వెనకే మొన్న రెండు దిండ్లు కుట్టించుకున్నాయన ఉన్నాడు. కాలు నొప్పి అన్నాను. ఎముకల డాక్టరు దగ్గర గంట కూర్చున్నాను. ఆయన సుత్తితో మోకాలు కొట్టి, కాలు ఎగిరితే సంతోషించి, నీకేమీ లేదు పొమ్మన్నాడు. మళ్లీ కిటికీకి వచ్చి ఈసారి చర్మం అన్నాను. అబద్ధం కాదు కదా.

చర్మం డాక్టరు మా మేనకోడలు వయసు అమ్మాయి. వెనక్కి తిరిగేవాణ్నే గానీ తలుపు మూసేశారు. ఆమె ముందు సింహాన్ని చూసింది.

"ఇదేంది?"

"సింహం మేడం."

"మంచి పని చేసింది. యాడ చూడాలో చూపిస్తాంది" అని చేతులకు తొడుగులు వేసుకుంది.

చూసి, ఇది హెర్పిస్ లాగా ఉంది, కానీ చూపుతోనే తేల్చను అంది. పొక్కు తడిగా ఉన్నప్పుడే దూదిపుల్లతో తుడిచి పరీక్షకు పంపాలట. ఎండితే రోగం ఉన్నా లేదని రావచ్చట. కొత్తగా వచ్చినదైతే రక్తంలో తేలడానికి వారాలు పట్టవచ్చట. అంటూనే దూదిపుల్ల తీసింది. ముప్పై ఏళ్లు దూదితో బతికినవాణ్ని, దూదిని చూసి గోడకు అతుక్కుపోవడం అదే మొదలు. మిగతా జబ్బుల కోసం రక్తం కూడా తీయించి, మాత్రలు రాసిచ్చింది.

ఎవరి దగ్గరికైనా పోయినావా అని అడిగింది. భార్య పోయాక ఒకసారి, పరుపుగుడ్డ కొనడానికి బళ్లారి పోయినప్పుడు, అన్నాను. అప్పుడొచ్చిందో అంతకుముందే వచ్చి ఇన్నేళ్లు అణిగి ఉందో ఎవరూ చెప్పలేరంది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది, తిరిగి కోప్పడేవాణ్ని.

వారం తర్వాత రక్తంలో మిగతావేవీ లేవని, పొక్కుల్లో మాత్రం హెర్పిస్ ఉందని తేలింది. అప్పటికి పుండ్లు మానిపోయాయి.

"మానిపోయినాయి గదా మేడం, ఇంగ నేను చేసుకోబోయే ఆమెకు చెప్పేదేముంది?"

"మానింది పుండు. అది ఒంట్లోనే ఉంటాది, మళ్లీ లేస్తాది. పుండు లేనప్పుడు గూడా అంటుకోవచ్చు. అంటకుండా జాగ్రత్తలుండాయి, చెప్తా. ముందు ఆమెకు తెలియాల."

బెళుగుప్ప ఆటోలో దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. ఆమె వసారాలో విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తోంది. ఊరికే కూర్చోనివ్వలేదు, నా ముందూ ఒక చేట పెట్టింది. నాలుగు గుప్పెళ్లు ఒలిచాక, కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. బళ్లారితో సహా.

ఆమె చేతులు ఆగలేదు. "సచ్చే రోగమా?"

"కాదు. వస్తా పోతా ఉంటాదంట. లేచినప్పుడు మాత్రలుండాయి. నువ్వు వద్దంటే నేను మా అక్కకు చెప్పుకుంటా. తప్పు నాదే అంటా."

ఆమె ఇంకో నాలుగు కాయలు పగలగొట్టింది. సంబంధం పోయిందనుకున్నాను. లేచి పోవడానికి చెప్పులెక్కడున్నాయో కూడా చూసుకున్నాను.

"మా ఆయనకు హెచ్.ఐ.వి. ఉండెనంట" అంది. "ఆయప్ప పోయినాక ఆసుపత్రి కాగితాల్లో చూసినా. పదకొండేండ్లు ఒకే కంచంలో తిన్న్యాం, నాకు చెప్పల్యా. నేనొక్కదాన్నే అనంతపురం పోయి రక్తం ఇచ్చినా. ఏమీ లేదనిరి. లేదన్నాక గూడా బస్సులో దారెంబడీ ఏడ్చుకుంటా వచ్చినా. చెప్పింటే నేనే చూసుకుందును గదా ఆయప్పను."

నేను ఒలిచిన గింజలు ఆమె చేటలో పోశాను.

"మీ డాక్టరమ్మను నేనూ అడగాల. ఆ ఒక్కటి తప్ప నా ఒంట్లో ఇంకేముండాదో నాకు మాత్రం ఏం తెలుసు? సోమారం హాస్టలుకు సెలవు పెడతా. ఈసారి నా పక్కన మనిషి ఉండాల."

 తలూపి, ఇంకో గుప్పెడు కాయలు నా చేటలోకి లాక్కున్నాను.