క్లిక్కుకొక వారం

పల్నాడు జిల్లా కొత్తగా ఏర్పడిన సంవత్సరం, ఖరీఫ్ మధ్యలో, నన్ను వ్యవసాయ సహాయ సంచాలకురాలిగా నరసరావుపేటకు బదిలీ చేశారు. శాఖలో ఈ ఉద్యోగాన్ని ఏడీఏ అంటారు. మండలానికొక వ్యవసాయాధికారి, అంటే ఏఓ, ఉంటారు. కొన్ని మండలాల ఏఓల పనిని చూసుకోవడం ఏడీఏ బాధ్యత. నా పరిధిలోకి వచ్చిన వాటిలో ఎడ్లపాడు మండలం ఒకటి. ఇప్పుడు చెప్పబోయేది ఆ మండలంలోని ఒక పత్తి ఊళ్ళో, నేను చేరిన మరుసటి సంవత్సరం డిసెంబరులో జరిగింది.

పత్తికి గులాబీ రంగు పురుగు పెద్ద బెడద. అది కాయ లోపల ఉంటుంది కాబట్టి మందు కొట్టినా దానికి తగలదు. పురుగు ఉధృతిని ముందే పసిగట్టడానికి చేలలో లింగాకర్షక బుట్టలు పెడతాం. ఆడ రెక్కల పురుగు వాసనను పోలిన ఎర ఒకటి అందులో ఉంటుంది, దానికి మగ పురుగులు వచ్చి పడతాయి. ఎన్ని పడ్డాయో మా సిబ్బంది వారం వారం లెక్క రాస్తారు. ఆ లెక్కను కంప్యూటర్లో గీతగా మారిస్తే చార్టు అవుతుంది.

పురుగును తగ్గించడానికి ఉన్న గట్టి మార్గం ఒక్కటే. డిసెంబరు దాటకుండా పంట ముగించి, పత్తి కట్టెను పీకి ముక్కలు చేసి నేలలో కలిపేయాలి. పంట నిలబడి ఉన్నంతకాలం పురుగుకు తిండి దొరుకుతూనే ఉంటుంది, వచ్చే ఏటికి విత్తనంలా మిగిలిపోతుంది. కానీ డిసెంబరులో కాలువ నీళ్ళు అందితే రైతుకు ఇంకో తీత, అంటే మరోసారి పత్తి తీయడం, మీద ఆశ పుడుతుంది. కళ్ళ ముందు కాయ కనిపిస్తుంటే చెట్టు పీకమనడం తేలిక కాదు.

ఆ ఊళ్ళో మొదటి సమావేశానికి ఏఓ సుధాకర్ స్లైడ్లు తయారుచేశాడు. పని మీద శ్రద్ధ ఉన్నవాడు, కానీ స్లైడ్లలో ఉన్న హంగులన్నీ వాడాలన్న సరదా కూడా ఉండేది. బొమ్మ గిర్రున తిరుగుతూ వచ్చేది, అక్షరాలు ఒక్కొక్కటి పైనుంచి రాలిపడేవి, గీత బంతిలా ఎగిరెగిరి తెర మధ్యలో కూర్చునేది. రైతు కేంద్రంలో కూర్చున్నవాళ్ళు నవ్వారు. నవ్వు ఆగేసరికి మొత్తం గీత తెరమీద ఉంది, దాని చివర ఎర్రటి శిఖరం కూడా ఉంది. చూడాల్సింది ఇక ఏమీ మిగల్లేదు.

మాజీ సర్పంచ్ కోటేశ్వరరావు లేచాడు. ఊళ్ళో పెద్ద కమతం ఆయనది. ఆయన ఏం చేస్తే మిగతావాళ్ళు దాదాపు అదే చేస్తారని సుధాకర్ నాకు ముందే చెప్పాడు.

"ఏంది మేడమ్ ఇది? మాచేత పీకించాలని ముందే అనుకోని, దానికి తగ్గట్టు గీత గీసుకొచ్చారు. ఇంతకీ ఈ లెక్క మా ఊరిదేనా?"

ఆ ఊరిది కాదు, మండలం మొత్తం సగటు. ఆ మాటే చెప్పాను. "మరి మండలాన్నే పీకమనండి" అని ఆయన కండువా దులుపుకుని బయటికి నడిచాడు. ఆయన వెనకే సగం మంది వెళ్ళిపోయారు.

తిరిగి వస్తూ జీపులో, వారం లోపల మళ్ళీ సమావేశం పెడదామని సుధాకర్‌తో అన్నాను. నా వైపు అనుమానంగా చూశాడు. మళ్ళీ పిలిస్తే ఎవరూ రారని అతని భయం. వస్తారు, చార్టు మాత్రం నేను చేస్తాను అన్నాను. డిసెంబరు అప్పటికే మొదలైంది. ఆ ఊరు ఈ ఏడు కూడా పంట ఉంచేస్తే చుట్టుపక్కల ఊళ్ళ శ్రమంతా వృథా. ఆ మాట మీద నేను వెనక్కి తగ్గదలచుకోలేదు.

ఆదివారం ఆఫీసులో కూర్చుని మండలం సగటు తీసేశాను. ఆ ఊరి బుట్టల లెక్కే తీసుకుని రెండు గీతలు వేశాను. నిరుటిది నీలం, ఈ ఏటిది ఎరుపు. తిరుగుడూ ఎగురుడూ తుడిచేశాను. స్లైడ్లలో చార్టును కదిలించడానికి కొన్ని పద్ధతులుంటాయి. మొత్తం ఒకే వస్తువుగా రావచ్చు, గీత తర్వాత గీతగా రావచ్చు, ఒక్కో గీతలో ముక్క తర్వాత ముక్కగానూ రావచ్చు. మూడోది ఎంచుకున్నాను. ఎడమ నుంచి కుడికి, ఒక్కో క్లిక్కుకు ఒక్కో వారం. గడులూ అంకెలూ ఉన్న ఖాళీ పటం ముందుగా రావాలి. అందుకు మెనూలో వేరే ఒక టిక్కు ఉంటుంది, అది పెడితే ఖాళీ పటం కూడా నా క్లిక్కుతోనే వస్తుంది, దాన్ని విప్పి చెప్పే సమయం దొరుకుతుంది.

సోమవారం సుధాకర్ వచ్చి చూసి, ఎర్ర గీత చివర ఇంకో ముక్క కలపమన్నాడు. రాబోయే వారాలకు చుక్కల గీత, నిటారుగా పైకి.

"కొంచెం భయపెడితేనే కదులుతారు మేడమ్."

"రాబోయే వారాల లెక్క మన దగ్గరుందా?"

"లేదు. కానీ అట్టాగే అవుతుందిగా."

"అవ్వచ్చు. కానీ లేని లెక్కకి గీత గీస్తే, కోటేశ్వరరావు గారు అన్న మాటే నిజమవుతుంది."

అతనికి నచ్చలేదని ముఖంలో కనిపించింది. అయినా చార్టు జోలికి వెళ్ళలేదు.

రెండో సమావేశం మధ్యాహ్నం పెట్టాం. కిటికీలకు గోనెపట్టాలు కట్టి గది చీకటి చేశాం. కోటేశ్వరరావు వచ్చాడు, కానీ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ముందు ఖాళీ పటం చూపించాను. కింద వారాలు, పక్కన బుట్టకు పడిన పురుగులు. ఈ లెక్క మీ ఊరిదే, బుట్టలు ఎవరెవరి చేలో ఉన్నాయో ఇవిగో అని పేర్లు చదివాను. అందులో ఆయన చేను కూడా ఉంది. ఆయన లోపలికి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

నిరుటి నీలం గీత మొదలుపెట్టాను. ఒక క్లిక్కు, ఒక వారం. ఒక్కో వారం దగ్గర ఆగి, అప్పుడు చేలో ఏం జరిగిందో అడిగాను. మొదటి తీత, వాన, పురుగు పట్టి విచ్చుకోని గుడ్డి పూలు కనిపించడం, అన్నీ వాళ్ళే చెప్పారు. గీత డిసెంబరు నడిమికి వచ్చాక క్లిక్కు ఆపేశాను.

"ఇక్కడ మీరు పీకలేదు. తర్వాత గీత ఎటు పోయిందో ఎవరన్నా చెప్పండి."

గదిలో గుసగుసలు. చివరికి కోటేశ్వరరావే లేచి తెర దగ్గరికి వెళ్ళి, చేతికర్రతో పైకి చూపించాడు. "ఇంత దూరం పోయి ఉంటది. జనవరిలో తీసిందంతా పురుగు తిన్న గుడ్డి పత్తేగా. నాకు తెలవదా?"

వరసగా క్లిక్కు చేశాను. గీత పైకే వెళ్ళింది, కానీ ఆయన కర్ర పెట్టిన చోటుకు చాలా కిందనే ఆగిపోయింది. ఎవరో నవ్వారు. ఆయన నవ్వలేదు, తెరనే చూస్తూ నిలబడ్డాడు. మేం లెక్క పెంచి చూపలేదని, తన అంచనాయే దాన్ని మించిపోయిందని ఆయనకు అర్థమైంది.

తర్వాత ఎర్ర గీత. ఈ ఏడు మొదటి వారం నుంచే అది నీలం గీతకు పైన నడిచింది. నిరుడు పంట ఉంచడం వల్ల మిగిలిన పురుగే ఇదని ఒక్క ముక్కలో చెప్పాను. గీత సమావేశం జరుగుతున్న వారం దగ్గరికి వచ్చి ఆగింది.

"తర్వాతది ఏంది?" అని ఒకరు అడిగారు.

"లేదు."

"లేదా, దాచారా?" కోటేశ్వరరావు గొంతులో మొదటి రోజు అనుమానమే ఉంది.

"నా దగ్గరున్న లెక్క ఇంతే. తర్వాతది ఇంకా జరగలేదు."

ఆయన నా ముఖంలోకి చూసి, వెళ్ళి తన చోట కూర్చున్నాడు. అప్పుడు వెనక వరసలోంచి నాగేంద్రమ్మ అనే కౌలు రైతు మాట్లాడింది.

"అది సరే మేడమ్. నేనొక్కదాన్ని పీకితే ఏమయిద్ది? పక్క చేలో పురుగు మా చేలోకి రాదా?"

వస్తుందని ఒప్పుకున్నాను. ఒక్కరు చేస్తే లాభం తక్కువ, చుట్టూ ఉన్న చేలన్నీ కలిసి చేయాలి. ఆమె నా జవాబు వినేసి కోటేశ్వరరావు వైపు తిరిగింది.

"బాబాయ్, మా చేనుకి మూడు పక్కలా మీ చేనే. మీరు పీకితే మీ వెనకే మేం పీకుతాం. మీరు ఉంచితే మమ్మల్ని మాత్రం ఎవరూ పీకమనొద్దు."

అంతమందిలో ఆ మాట ఆయనతో ఎవరూ అనివుండరు. అది నా మాటతో తేలే సంగతి కాదు. ఆయన కండువా అంచు నలిపాడు.

"ఇంకో తీత వచ్చేదేనమ్మా," అన్నాడు, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు. తర్వాత లేచాడు. "సరే. ఉన్న కాయ ఏరించి, ట్రాక్టరు దింపుతా. రేపు మాట మారిస్తే అడగండి."

మాట మార్చలేదు. ఆ వారాంతంలోనే ఆయన చేలో ట్రాక్టరు తిరిగింది. నాగేంద్రమ్మా, చుట్టుపక్కల వాళ్ళూ పీకించారు. ఊరంతా పీకిందని చెప్పను. కాలువ వార కొందరు ఫిబ్రవరి దాకా ఉంచారు. వాళ్ళను మళ్ళీ మళ్ళీ కలిసినా వినలేదు. మరుసటి ఏడు ఆ ఊరి బుట్టల్లో పురుగు ఆలస్యంగా కనిపించింది. అందులో వాతావరణం పాలెంతో, పీకిన కట్టె పాలెంతో కచ్చితంగా విడదీసి చెప్పలేను. ఆ మాట నా నివేదికలోనూ అలాగే రాశాను.

పదవీ విరమణకు ముందు కొత్త ఏఓల శిక్షణలో నాకొక తరగతి అప్పగించారు. చార్టుకు ఏ ఎఫెక్ట్ బాగుంటుందని వాళ్ళు తప్పకుండా అడిగేవారు. సాదాగా ఎడమ నుంచి కుడికి వచ్చేది చాలని చెప్పేదాన్ని. చూసేవాళ్ళు ఒక ముక్కను ఒప్పుకోవడానికో కాదనడానికో సమయం దొరికాకే రెండో ముక్క రావాలి. లెక్క అయిపోయిన చోట గీత ఆగిపోవాలి. అక్కడి నుంచి చెప్పాల్సింది చేను ఉన్నవాళ్ళు.