దాన్‌సిమ్ అక్క మూతపెట్టిన గిన్నె

మా శిబిరంలో గంజి వరుసలో ముందు నిలబడినా చివర నిలబడినా ఒకటే. దాన్‌సిమ్ అక్క గరిటె అడుగుదాకా ముంచి, ఒకసారి తిప్పి, అప్పుడు పోస్తుంది. పైన తేరిన నీళ్ళు పరాయివాళ్ళకి, అడుగున చిక్కనిది అయినవాళ్ళకి అనే పద్ధతి ఆమె దగ్గర లేదు. ఆమె పక్కన పొయ్యి చూసేదాన్ని నేను. తడికట్టెలు ఊదీ ఊదీ నా గొంతు బొంగురుపోయింది గానీ, ఆమె చేతి గంజికి పొగవాసన తగలనివ్వలేదు. ఈ మాట నా గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెప్పుకుంటున్నాను.

యుద్ధంలో ఉత్తరాన హుంగ్నామ్ రేవున ఓడెక్కి, కట్టుబట్టలతో దక్షిణాన ఈ కోజె దీవిలో దిగినవాళ్ళం మేమంతా. ఉత్తరాన బంగాళాదుంపలు తిని పెరిగిన పొట్టలు మావి. ఇక్కడ సాయం కింద వచ్చిన మొక్కజొన్న పిండి, పాలపొడి కలిపి కాచిన గంజే దిక్కు. మొదట్లో ఆ పాలు పడక శిబిరం శిబిరమంతా కొండవెనక్కి పరుగులు తీసింది.

"పాలు దూడలు తాగుతాయి గానీ మనుషులు తాగుతారుటే?" అని తిట్టుకుంటూనే, దాన్‌సిమ్ అక్క ఆ పొడిని ఆవిరి మీద ఉడికించి బిళ్ళలు చేసింది. రాళ్ళలా ఉండేవి. పళ్ళు కదిలిపోయేవి గానీ పొట్ట ఊరుకునేది.

సాయంగా వచ్చిన బట్టల మూటల్లో ఆమెకి దక్కింది ఎవరో భారీ మగవాడి కోటు. మడమల దాకా వేలాడేది. మేం నవ్వితే ఆమె కూడా నవ్వేది.

"నవ్వండి నవ్వండి. మా ఇంటాయన వచ్చాక ఇద్దరం ఇందులోనే దూరతాం. అప్పుడు మీ కళ్ళు కుడతాయి."

ఆ ఇంటాయన పేరు ఊసమ్. మా ఊళ్ళో నూడుల్స్ దుకాణం ఆయనది. రేవులో తోపులాట మధ్య, "నువ్వు ఎక్కు, అమ్మని తీసుకుని వెనకాల ఓడలో వస్తా" అని భార్యని పైకి తోశాడు. వెనకాల ఓడ వచ్చింది. ఆయన రాలేదు.

మా వైపు ఇంటి మనిషి దూరాన ఉంటే పూటపూటా అతని వాటా గిన్నెలో పెట్టి, మూతేసి, అడుగున పొయ్యి సెగ పారే వెచ్చటి నేల మీద దుప్పటి కప్పి ఉంచుతాం. ఇక్కడ గిన్నె వేడిగా ఉన్నంతకాలం అక్కడ ఆ మనిషి పస్తుండడని నమ్మకం. గిన్నె పెట్టడం మానేశారంటే, ఇక రాడని ఒప్పుకున్నట్టే. గుడారాల్లో వెచ్చటి నేల ఎక్కడ దొరుకుతుంది? దాన్‌సిమ్ అక్క తన కోటు విప్పి, ఊసమ్ గిన్నెని అందులో చుట్టి పొయ్యిరాయి పక్కన పెట్టేది. తను మాత్రం పలచటి రవికెతో వణుకుతూ గరిటె తిప్పేది. ఆ పూట ఎవరైనా ఆలస్యంగా వస్తే ఆ గిన్నె వాళ్ళది. ఒక్కరోజూ ఒలకబోసిన పాపాన పోలేదు.

నా తమ్ముడు కూడా ఉత్తరానే ఉండిపోయాడు. నేను మాత్రం గిన్నె పెట్టలేదు. పెడితే, ఏదో ఒకరోజు మానేయాల్సి వస్తుందేమోనని భయం.

శిబిరానికి అధికారిగా వచ్చిన ప్యో గారు సియోల్ మనిషి. చదువుకున్నవాడు, బురదలో కూడా టై కట్టుకుని తిరిగేవాడు. ఒకరోజు కోటు చుట్ట విప్పి చూశాడు.

"ఇదేంటి పెద్దమ్మా?"

"మా ఇంటాయన గిన్నె బాబూ."

"ఆయనెక్కడున్నారు?"

"వస్తాడు."

ప్యో గారు తల పట్టుకున్నాడు. "కళ్ళెదుట ఉన్న నోటికే గంజి. ఇక్కడ ఎవరిని కదిపినా అవతల ఒకరిని వదిలి వచ్చినవాళ్ళే. అందరూ ఒక్కో గిన్నె తీసిపెడితే ఉన్నవాళ్ళేం తాగుతారు? మీరే చెప్పండి."

మాట న్యాయమైనదే. దాన్‌సిమ్ అక్క కూడా కాదనలేదు. ఆ రోజునుంచి ఊసమ్ గిన్నెలో తన వాటా పోసి, తను కళాయి అడుగు గోకుడుతో సరిపెట్టుకుంది. పది రోజులు తిరిగేసరికి దవడలు లోపలికి పోయాయి. నాకు ఒళ్ళు మండింది.

"ఆయనొచ్చేసరికి నువ్వుండవు. అప్పుడు ఆయన నీకు గిన్నె పెట్టుకుంటాడు, సరేనా?" అన్నాను.

"పెట్టనీవే. మగాడు ఒక్కసారైనా గిన్నె పట్టుకుంటే తప్పా?" అంది.

ఇది కూడా ప్యో గారి కంటబడింది. "ఇలాగైతే మీరు పడిపోతారు. గిన్నెయినా మానండి, గరిటెయినా వదిలెయ్యండి" అన్నాడు. అంతే, దాన్‌సిమ్ అక్క గరిటె ఆయన చేతిలో పెట్టి, పావడా అంచుతో చేతులు తుడుచుకుని పక్కకి నిలబడింది. వరుస ఆగదు కదా. ప్యో గారే పోయడం మొదలుపెట్టాడు. పైనుంచి పోశాడు. ముందున్నవాళ్ళకి నీళ్ళు, వెనకున్నవాళ్ళకి ముద్ద.

"అయ్యా, నాది గంజా, ముఖం కడుక్కునే నీళ్ళా?" అని ఒక ముసలామె గిన్నె చూపించింది. వరుసంతా గోల. టై కొన గంజిలో మునిగింది. గరిటె మళ్ళీ దాన్‌సిమ్ అక్క చేతికి వచ్చింది. అప్పటినుంచి ప్యో గారు పొయ్యిరాయి వైపు చూడటం మానేశాడు. మంచివాడేలే, అప్పుడే ఒప్పుకోవడం నాకిష్టం లేకపోయింది.

వసంతం మొదట్లో ఒక మధ్యాహ్నం, చినుకుల్లో, పక్క దీవినుంచి పడవ వచ్చింది. దిగినవాళ్ళలో మాన్‌సు ఉన్నాడు. మా ఊరివాడే, ఊసమ్ దుకాణం పక్కింటివాడు. మా తర్వాతెప్పుడో చేపల పడవలో దాక్కుని దక్షిణానికి వచ్చాడట. వేళ దాటిపోయింది, కళాయి ఖాళీ. దాన్‌సిమ్ అక్క ఏమీ అడగకుండా కోటు విప్పి గిన్నె అతని చేతిలో పెట్టింది. ఆకలితో వచ్చినవాణ్ణి ముందు కబుర్లు అడగడం మా దగ్గర లేదు. మాన్‌సు సగం తాగాక తలెత్తాడు.

"ఎవరి గంజి అక్కా ఇది? నాకోసం ఎవరైనా మానుకున్నారా?"

"మా ఇంటాయనది. ఆయన వచ్చేదాకా ఎవరొస్తే వాళ్ళది. తాగు."

చెంచా గిన్నెలోనే ఆగిపోయింది. అతని ముఖం చూడగానే నాకు అర్థమైంది. ఆమెకి కూడా అర్థమైంది. అయినా తొందరపెట్టలేదు. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని అతని వైపే చూసింది.

మాన్‌సు నేల చూస్తూ చెప్పాడు. ఆఖరి ఓడ పోయాక ఊసమ్ తల్లిని వీపున వేసుకుని మంచులో ఇంటికి తిరిగొచ్చాడట. ఆ చలికాలంలోనే జ్వరం వచ్చి ముందు ముసలామె, తర్వాత ఆయన పోయారట. దుకాణం పైన గట్టు మీద మాన్‌సే మట్టి చేశాడట.

దాన్‌సిమ్ అక్క ఒక్కటే అడిగింది. "ఆకలితో పోయాడా?"

"లేదక్కా. ముందురోజు బంగాళాదుంపల పులుసు తాగాడు. బాగుందన్నాడు."

నిజమో, అప్పటికప్పుడు కల్పించాడో నాకు తెలీదు. నేను అడగలేదు.

"మిగిలింది కూడా తాగెయ్. చల్లారిపోతుంది" అంది ఆమె. అతను తాగేదాకా లేవలేదు.

మర్నాడు పొద్దున కర్మ చెయ్యాలంది. పోయినవాళ్ళకి మేం తెల్లన్నం గిన్నెనిండా పెట్టి, మధ్యలో చెంచా నిలువునా గుచ్చుతాం. చెంచా నిలబడితేనే వాళ్ళొచ్చి భోజనానికి కూర్చున్నట్టు. శిబిరంలో బియ్యం చూసి ఎన్నాళ్ళయిందో. ప్యో గారు స్టోరంతా వెతికించి ఉత్తచేతులతో వచ్చాడు. పక్క గుడారం ఆమె కోడలి పురిటికని దాచిన బియ్యపుమూట తెచ్చింది.

దాన్‌సిమ్ అక్క దాన్ని వెనక్కి తోసింది. "రేపోమాపో బిడ్డ వస్తుంటే ఆ గింజలు లాక్కుని తింటాడా మా ఇంటాయన? తీసుకుపో."

చెక్కపెట్టె బోర్లించి దాని మీద గంజిగిన్నె పెట్టింది. ఈసారి మూత పెట్టలేదు. అడుగునుంచి తీసిన చిక్కటి గంజే, అయినా గంజి గంజే. చెంచా గుచ్చింది. వాలిపోయింది. మళ్ళీ గుచ్చింది. మళ్ళీ వాలింది. మూడోసారి వదలకుండా వేళ్ళతో పట్టుకుని నిలబెట్టింది. మాన్‌సు సారా దొరక్క నీళ్ళే పోసి మొక్కాడు. తర్వాత భార్యగా అక్క మొక్కాలి. ఆమె వంగబోయింది, చెంచా వాలింది. నిటారుగా నిలబెట్టి మా అందరి ముఖాలూ చూసింది. ఇన్నాళ్ళలో ఆమెకి ఏం చెయ్యాలో తెలియకపోవడం అప్పుడే చూశాను. నాకు ఏడుపు ఆగలేదు.

"అక్కా, నేను పట్టుకుంటాను. నువ్వు మొక్కు" అన్నాను.

చెంచా నా వేళ్ళలోకి మార్చి, ఆమె వెనక్కి జరిగి నుదురు నేలకి ఆనించింది. చాలాసేపు లేవలేదు. గంజివేళ దాటిపోతున్నా వరుసలో ఒక్కరూ కదల్లేదు. నా చెయ్యి తిమ్మిరెక్కింది. ఆమె లేచేదాకా చెంచా వాలనివ్వలేదు.