సెలూన్ బాబాయ్ ఏడో మాట

యాభై దాటాక సెలూన్ బాబాయ్‌కి ఫ్రెంచ్ పిచ్చి పట్టింది. కూతురు పాసైన పరీక్ష తానూ పాసవుతానని పందెం కాశాడు మరి. కత్తెర ఆడినంతసేపూ బహువచనాలే. ఒకటికి మించితే మామూలుగా మాట చివర ‘ఎస్’ తగిలిస్తారట; ‘ఊ’ అని ముగిసే ఓ ఏడు మాటలు మాత్రం మొండికేసి ‘ఎక్స్’ అడుగుతాయట. నగలు, గులకరాళ్లు, క్యాబేజీలు, మోకాళ్లు, గుడ్లగూబలు, ఆటబొమ్మలు... ఆరూ గడగడా వచ్చేవి. ఏడోదాని దగ్గర కత్తెర గాల్లో ఆగేది, కుర్చీలో మనిషికి గుండె ఝల్లుమనేది.

సాయంత్రం పరీక్ష అనగా, ఉదయం రిటైర్డు జడ్జిగారు వచ్చి కూర్చున్నారు. వెనక బెంచీ నిండా జనం. ఆయన చెవి వెనక దువ్వెన ఆనించిన బాబాయ్‌కి తెల్లజుట్టులో రెండు పేలు తాపీగా షికారు చేస్తూ కనిపించాయి. ఇన్నాళ్లూ చిక్కని ఏడోది అదే! గంతేసి, ఆ మాటను ఫ్రెంచ్‌లో కేకేశాడు.

“ఏమిటోయ్ అది?”

“ఏడోది దొరికిందండీ!”

“శభాష్! అంటే ఏమిటి?”

బాబాయ్ నాలుక కరుచుకున్నాడు. ఎవరి తలలో ఏముందో పక్కవాళ్లకు తెలియనిచ్చే మనిషి కాదాయన. “మాట వరకే వచ్చిందండీ, అర్థం ఇంకా నేర్చుకోవాలి,” అంటూ దువ్వెనను మెల్లగా వేణ్ణీళ్లలో ముంచాడు.

జడ్జిగారు ఆ మాటనే నలుగురికీ వినపడేలా వల్లిస్తూ, తల గోక్కుంటూ ఇంటికి వెళ్లారు.